పక్షిబంధువు సలీం అలీ

వసంతం అనగానే మన కావ్యసంప్రదాయంలో మామిడి చిగురు, కోకిల కూజితం, మలయమారుతం స్ఫురిస్తాయి. తోటలో వసంతమంటే రాక. సముద్రతీరంలో మాత్రం వసంతమంటే వీడ్కోలు. తమిళనాడులో బంగాళాఖాతం పాక్ జలసంధితో కలిసే కోడిక్కరై వంటి చోట, మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున నిలబడి చూస్తే ఈ మాట అర్థమవుతుంది. పోటు తగ్గి బురదనేల బయటపడగానే వేలకొలది ఉల్లంకి పిట్టలు అక్కడ వాలతాయి. తల ఎత్తకుండా పురుగులను, చిన్నచిన్న నత్తలను ఏరుకొని తింటాయి. శీతకాలమంతా బూడిదరంగులో ఉన్న వాటి ఈకలు ఇటుకరంగుకు మారుతుంటాయి. చర్మం కింద కొవ్వు పేరుకొంటుంది. ఆ కొవ్వే వాటి ప్రయాణానికి బత్తెం. ఒకనాడు గుంపు గుంపంతా లేచి ఉత్తరదిక్కుగా సాగిపోతుంది. గుడ్లు పెట్టవలసిన నేల వాటికి ఆర్కిటిక్ తీరంలో, వేల కిలోమీటర్ల దూరంలో ఉంది.

దారిన పోయేవారికి అవి పేరు లేని పిట్టలు. ఆ పిట్ట ఏది, ఎక్కడినుండి వచ్చింది, ఎక్కడికి పోతున్నది, మరుసటి ఏడు అదే తీరానికి తిరిగి వస్తుందా అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పాలంటే ఎవరో ఒకరు ఏళ్ల తరబడి ఆ తీరాన నిలబడి చూడాలి. చూచినదాన్ని వ్రాయాలి. భారతదేశంలో అలా చూడడాన్ని ఒక శాస్త్రంగా, ఒక జీవనవ్రతంగా మలచినవారిలో అగ్రగణ్యులు సలీం అలీ.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. ఆ ఇంట ఆయనే కడగొట్టు బిడ్డ. ఏడాది నిండేసరికి తండ్రిని, మూడేళ్లు వచ్చేసరికి తల్లిని కోల్పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన సతీమణి హమీదా బేగం ఆ పిల్లలను చేరదీశారు. సంతానం లేని ఆ దంపతులు వారిని కన్నబిడ్డల వలె పెంచారు. బొంబాయిలోని ఖేత్‌వాడీలో ఉన్న ఆ ఇల్లు బంధువులతో, పిల్లలతో కళకళలాడుతుండేది. మేనమామకు వేటపై మక్కువ. ఆ రోజుల్లో కలిగిన కుటుంబాలలో వేట గౌరవప్రదమైన వినోదం. బాలుడైన సలీం చేతికి కూడా ఒక గాలితుపాకి వచ్చింది. పెద్దయ్యాక గొప్ప వేటగాడు కావాలన్నదే ఆనాటి ఆ పిల్లవాని కోరిక.

పదేళ్ల ప్రాయంలో ఆ తుపాకితో ఆయన ఒక పిచ్చుకను కొట్టారు. చేతిలోకి తీసుకొని చూస్తే అది ఇంటి చూరులో తిరిగే పిచ్చుక వలె లేదు. దాని కంఠం మీద పసుపుపచ్చని మచ్చ ఉంది. ఇది తినదగిన పిట్ట అవునా కాదా అన్న సందేహంతో బాలుడు దానిని మేనమామ వద్దకు తీసుకొనివెళ్లాడు. మేనమామకు అది ఏ పిట్టో తెలియలేదు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకొని, తెలిసినవారి దగ్గరకు పంపడం ఆయన చేసిన మేలు. 1883లో స్థాపితమైన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో ఆయన సభ్యులు. ఆ సంస్థ కార్యదర్శి డబ్ల్యూ. ఎస్. మిల్లార్డ్‌కు ఒక ఉత్తరం వ్రాసి, చచ్చిన పిచ్చుకతో సహా పిల్లవానిని అక్కడికి పంపారు.

ఆ రోజుల్లో ఒక భారతీయ బాలుడు ఒక ఆంగ్లేయ అధికారి గదిలోకి ఒంటరిగా అడుగుపెట్టడం తేలికైన పని కాదు. సలీం భయపడుతూనే లోపలికి వెళ్లాడు. మిల్లార్డ్ ఆదరంగా పలకరించి, అది పసుపు కంఠపు పిచ్చుక అని గుర్తించారు. అంతటితో ఆగక, సొరుగులు తెరిచి అందులో భద్రపరచిన పక్షుల నమూనాలను వరుసగా చూపించారు. పిచ్చుకలలోనే ఎన్ని రకాలున్నాయో ఆ పిల్లవాడు అప్పుడే తెలుసుకొన్నాడు. చదువుకోవడానికి పుస్తకాలు ఇచ్చి, పక్షి చర్మాన్ని ఒలిచి చెడిపోకుండా నిలువచేసే పద్ధతి నేర్పించే ఏర్పాటు కూడా మిల్లార్డ్ చేశారు.

వేటగాని బాణానికి నేలకూలిన క్రౌంచపక్షిని చూచిన దుఃఖంలోనుండి ఆదికావ్యం పుట్టిందని మన పెద్దలు చెబుతారు. ఇక్కడ కొట్టినవాడూ, చూచి మారినవాడూ ఒక్కడే. ఆ పిచ్చుక ఆ బాలునిలో పుట్టించినది శోకం కాదు, జిజ్ఞాస. దశాబ్దాల తరువాత, 1985లో వెలువడిన తన ఆత్మకథకు ఆయన ఆ పిచ్చుక పతనాన్నే పేరుగా పెట్టుకొన్నారు.

పక్షుల మీద ఆసక్తి పెరిగినంతగా బడి చదువు సాగలేదు. తలనొప్పి బాధ వల్ల చదువు మధ్యలో కుంటుపడింది. 1913లో మెట్రిక్యులేషన్ అతికష్టం మీద గట్టెక్కారు. కళాశాలలో చేరినా లెక్కలు తలకెక్కలేదు. చదువు మానుకొని, కుటుంబ వ్యాపారమైన గనుల పనులు, కలప పనులు చూచుకోవడానికి బర్మాలోని తవోయ్‌కి వెళ్లారు. అక్కడి దట్టమైన అడవులు ఆయనను వ్యాపారం కన్నా ఎక్కువగా ఆకర్షించాయి. 1917లో బొంబాయికి తిరిగివచ్చి వాణిజ్య విద్యలో చేరారు. ఆయన మనసు ఎక్కడుందో గ్రహించిన సెయింట్ జేవియర్స్ కళాశాల అధ్యాపకులు ఫాదర్ ఎథెల్బర్ట్ బ్లాటర్ జంతుశాస్త్రం చదువుమని ప్రోత్సహించారు. 1918లో తహ్మీనా బేగంతో ఆయనకు వివాహమైంది.

విశ్వవిద్యాలయ పట్టం లేకపోవడం ఆయనకు అడుగడుగునా అడ్డుగోడ అయింది. ప్రభుత్వ జంతు సర్వేక్షణ సంస్థలో పక్షిశాస్త్రజ్ఞుని పదవికి ప్రయత్నించి, పట్టం లేని కారణంగానే ఆయన నిరాశ చెందవలసివచ్చింది. ఎట్టకేలకు 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో, ప్రకృతి చరిత్ర విభాగానికి వచ్చే సందర్శకులకు వివరించి చెప్పే ఉపన్యాసకునిగా ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 350 రూపాయలు. రెండేళ్లు పనిచేశాక, తన విద్య ఈ పనికి చాలదని ఆయనకే అనిపించింది. 1928లో సెలవు పెట్టి జర్మనీకి వెళ్లారు. బెర్లిన్ జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు ఎర్విన్ స్ట్రెసెమాన్ ఆయనకు గురువయ్యారు. అప్పటివరకు పక్షిశాస్త్రమంటే ప్రధానంగా పక్షులను సేకరించి, కొలిచి, పేరు పెట్టడం. బ్రతికున్న పక్షి ఎలా జీవిస్తున్నదో గమనించడం కూడా శాస్త్రమేనన్న దృష్టి ఆయనకు అక్కడ బలపడింది.

ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ అనే చిన్న ద్వీపంలో వలస పక్షుల పరిశీలనకేంద్రం ఒకటి ఉంది. సముద్రం దాటుతూ అలసిన పక్షులు ఆ ద్వీపంలో ఆగుతాయి. వాటిని గాయపడకుండా పట్టి, కాలికి అంకె వేసిన తేలికపాటి కడియం తొడిగి వదలిపెడతారు. ఆ పక్షి మరెక్కడైనా మళ్లీ చిక్కితే దాని ప్రయాణం తెలుస్తుంది. సలీం అలీ ఆ పని అక్కడ స్వయంగా చేసి నేర్చుకొన్నారు. సముద్రతీరంలో నేర్చిన ఆ విద్య ముప్పై ఏళ్ల తరువాత భారతదేశపు తీరంలో ఫలించింది.

1930లో ఎన్నో ఆశలతో స్వదేశానికి వచ్చేసరికి పిడుగు వంటి వార్త ఎదురైంది. నిధులు లేక ఆయన ఉద్యోగాన్నే రద్దు చేశారు. వయస్సు ముప్పై మూడు దాటింది. చేతిలో పట్టం లేదు, జీతం లేదు. నేర్చుకొని వచ్చిన విద్యకు దేశంలో ఎక్కడా కొలువు లేదు. బంధువుల సాయంతో ఏదైనా వ్యాపారంలో స్థిరపడి, పక్షులను సెలవు రోజులకు పరిమితం చేసుకొని ఉంటే లోకం ఆయనను తప్పుపట్టేది కాదు.

ఆ సమయంలో తహ్మీనా ఆయనకు అండగా నిలిచారు. బొంబాయి రేవుకు ఆవల, కొంకణ తీరంలో అలీబాగ్ సమీపంలోని కిహీం గ్రామంలో ఆమెకు ఒక చిన్న ఇల్లు ఉంది. నగరంలో కన్నా అక్కడ ఖర్చు తక్కువ. చుట్టూ చెట్లు, ఎదుట సముద్రం. దంపతులు అక్కడికి మకాం మార్చారు. ఉద్యోగం పోగొట్టుకొని ఒక మారుమూల పల్లెకు చేరడం బయటివారి దృష్టిలో ఓటమే. కాని ఆయన పేరును శాస్త్రలోకంలో నిలిపిన పరిశోధన జరిగింది ఆ తీరగ్రామంలోనే.

ఆ ఇంటి సమీపంలో గిజిగాళ్లు గుంపుగా గూళ్లు కట్టుకొనేవి. గిజిగాడు తెలుగువారికి పరిచితమైన పిట్టే. గుఱ్ఱం జాషువా దాని గూటి పనితనానికి ముగ్ధులై పద్యఖండిక రచించారు. ఆ గూటిని చూచి ఆశ్చర్యపడనివారు లేరు. దానిని కట్టే క్రమాన్ని మొదటినుండి చివరిదాకా ఓపికగా చూచినవారు మాత్రం అరుదు. వానాకాలం రాగానే సలీం అలీ గూళ్లకు దగ్గరగా, పిట్టలకు కనబడకుండా మరుగు కల్పించుకొని కూర్చున్నారు. రోజుల తరబడి, గంటల తరబడి చూచి, ఏ గూటికి ఏ పిట్ట వచ్చింది, ఏం చేసింది అన్నది వ్రాసుకొన్నారు.

ఆ పరిశీలనలో ఒక వింత సంసారం బయటపడింది. గూడు కట్టేది మగపిట్ట. గడ్డిపోచలను, ఆకు పీలికలను అల్లి గూటిని సగం వరకే కడుతుంది. అప్పుడు ఆడపిట్టలు వచ్చి గూళ్లను ఒక్కొక్కటిగా పరీక్షిస్తాయి. నచ్చిన గూటిని ఎన్నుకొనే అధికారం ఆడపిట్టదే. అది అంగీకరించాక మగపిట్ట దానితో జతకట్టి, మిగిలిన సగాన్ని, పొడవైన ప్రవేశనాళాన్ని పూర్తిచేస్తుంది. ఆడపిట్ట గుడ్లు పెట్టి పొదుగుతుండగా మగపిట్ట మరొకచోట మరొక గూడు మొదలుపెట్టి, మరొక ఆడపిట్ట ఆమోదం కోసం నిరీక్షిస్తుంది. ఇలా ఒక ఋతువులోనే ఒకదాని తరువాత ఒకటిగా సంసారాలు సాగుతాయి. పక్షిని చంపకుండా, దాని బ్రతుకును దగ్గరగా చూచి తెలుసుకొన్న సత్యమిది. సొసైటీ పత్రికలో వెలువడిన ఆ వ్యాసం ఆయనకు శాస్త్రజ్ఞుల గౌరవాన్ని సంపాదించిపెట్టింది.

ఉద్యోగం లేకపోవడాన్ని కూడా ఆయన ఒక అవకాశంగా మార్చుకొన్నారు. దేశంలోని అనేక సంస్థానాలలో ఏయే పక్షులున్నాయో అప్పటికి సమగ్రమైన సమాచారం లేదు. దారిఖర్చులు, బస ఏర్పాట్లు భరిస్తే చాలు, ప్రతిఫలం లేకుండా సర్వేక్షణ చేసిపెడతానని ఆయన ముందుకు వచ్చారు. మొదట అంగీకరించిన వాటిలో నిజాం ప్రభుత్వం ఒకటి. 1931, 1932 సంవత్సరాలలో ఆయన హైదరాబాద్ సంస్థానంలో పర్యటించారు. నేటి తెలంగాణ ప్రాంతంలో చాలా భాగం ఆ సంస్థానంలోనిదే. ఆ తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇందూరు, భోపాల్ సంస్థానాలలో సర్వేక్షణలు జరిగాయి. గుడారాలలో, ఎడ్లబండ్లు తప్ప వాహనం పోలేని దారులలో సాగిన ఆ జీవితాన్ని తహ్మీనా ఇష్టపూర్వకంగా పంచుకొన్నారు.

ఈ కాలంలో ఆయనకు తోడ్పడిన ఆంగ్లేయ పక్షిశాస్త్రజ్ఞుడు హ్యూ విస్లర్. వారి పరిచయం ఒక వివాదంతో మొదలైంది. ఒక పక్షి విషయంలో విస్లర్ చెప్పినది సరికాదని సలీం అలీ తన వ్యాసంలో చూపారు. పేరు తెలియని ఒక భారతీయుడు తన తప్పు ఎంచడం విస్లర్‌కు మొదట కోపం తెప్పించింది. కాని ఆయన తన వద్దనున్న నమూనాలను తిరిగి పరీక్షించి, తన పొరపాటును అంగీకరించారు. నాటినుండి ఇద్దరూ ఆప్తమిత్రులయ్యారు. హైదరాబాద్ సర్వేక్షణ వ్యాసాలకు విస్లర్ తన వివరణలు జతచేశారు.

1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం తహ్మీనా మరణించారు. వారికి పిల్లలు లేరు. ఉద్యోగం పోయిన నాడు కుంగిపోకుండా నిలబెట్టిన మనిషి పోవడం ఆయన జీవితంలోకెల్ల పెద్ద దెబ్బ. ఆ దుఃఖంలో ఆయన సోదరి కమ్మూ ఇంటికి చేరి, శేషజీవితాన్ని పూర్తిగా పక్షుల అధ్యయనానికే అంకితం చేశారు. మరల వివాహం చేసుకోలేదు.

1941లో ఆయన భారతీయ పక్షులను గూర్చిన గ్రంథం ఒకటి వెలువడింది. అంతకుముందు ఇటువంటి గ్రంథాలు ఎక్కువగా పండితుల కోసం, పెద్ద సంపుటాలుగా వచ్చేవి. ఈ పుస్తకం రంగుల బొమ్మలతో, తేలికైన భాషతో సామాన్య పాఠకులకు అందుబాటులోకి వచ్చింది. పెరటిలో కనబడిన పిట్టను పోల్చుకొని పేరు చెప్పగలగడం ఎంత ఆనందమో వేలమంది ఆ పుస్తకం ద్వారా తెలుసుకొన్నారు. అది ఎన్నో ముద్రణలు పొందింది. మిల్లార్డ్ ఒక పిల్లవానికి సొరుగు తెరిచి చూపితే, ఆ పిల్లవాడు పెద్దవాడై ఆ సొరుగును దేశమంతటికీ తెరిచాడు.

1945లో ఆయన కచ్ రాన్‌లోని ఉప్పునేలల్లో ఫ్లెమింగోల సంతానోత్పత్తిని పరిశీలించారు. ఫ్లెమింగో బురదను ముక్కుతో పోగుచేసి, చిన్న దిబ్బ కట్టి, దాని మీద సాధారణంగా ఒకే ఒక గుడ్డు పెడుతుంది. లెక్కకు అందనన్ని దిబ్బలు ఆ నిర్జన ప్రదేశంలో ఒక నగరం వలె పరుచుకొని ఉంటాయి. కచ్ పక్షులను గూర్చిన ఆయన గ్రంథం అదే ఏడాది వెలువడింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత బొంబాయి సొసైటీ నిధుల కొరతతో చిక్కుల్లో పడింది. ఆంగ్లేయులు నడిపిన ఆ సంస్థ వారితోపాటే అంతరించకుండా ఆయన కాపాడారు. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూకు వ్రాసి సహాయం కోరారు. వయస్సు ఆయన ఉత్సాహానికి అడ్డురాలేదు. మోటారుసైకిళ్లంటే ఆయనకు చెప్పలేని ఇష్టం. 1950లో స్వీడన్‌లోని ఉప్సాలాలో అంతర్జాతీయ పక్షిశాస్త్ర మహాసభ జరిగినప్పుడు తన మోటారుసైకిలును ఓడలో ఐరోపాకు చేర్పించి, దాని మీదనే తిరిగారు. అప్పుడాయన వయస్సు యాభై మూడు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడినేల కథ ఆయన జీవితంలో మరొక ముఖ్యఘట్టం. అది రాజుల వేటస్థలం. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో గౌరవార్థం జరిగిన వేటలో ఒక్కరోజులో 4,273 పక్షులు నేలకూలాయి. కాకతాళీయంగా అది సలీం అలీ నలభై రెండవ పుట్టినరోజు. స్వాతంత్ర్యానంతరం ఆ నేలను ఎండగట్టి వ్యవసాయానికి పంచాలన్న ఒత్తిడి వచ్చింది. భూమి లేని పేదల ఆకలి ఒకవైపు, లక్షల పక్షుల ఆశ్రయం మరొకవైపు నిలిచిన క్లిష్టమైన ప్రశ్న అది. ఆ నేలకు బదులు మరొక చిత్తడినేలను సృష్టించలేమని నమ్మిన సలీం అలీ దాని రక్షణకు గట్టిగా కృషి చేశారు. అనంతరకాలంలో అది కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనంగా రూపొంది, 1985లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది.

హెలిగోలాండ్‌లో నేర్చిన విద్య ఫలించే కాలమూ వచ్చింది. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులను, మనుషులను చంపే ఒక కొత్త జ్వరం బయటపడింది. అటువంటి వ్యాధుల వ్యాప్తికి వలస పక్షులతో సంబంధముందేమో తెలుసుకోవాలన్న ఉద్దేశంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయం అందించింది. 1959లో సలీం అలీ నాయకత్వంలో సొసైటీ వలస పక్షుల అధ్యయనాన్ని పెద్దయెత్తున చేపట్టింది. కోడిక్కరై తీరం ఆ పనికి ముఖ్యస్థానాలలో ఒకటి అయింది. 1967లో ఆ ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు.

ఆ పని చూడడానికి చిన్నదే. చీకటి విడకముందే సన్నని వలలు గమనించాలి. చిక్కిన పిట్టను ఈక చెదరకుండా విడిపించాలి. రెక్క కొలవాలి, బరువు తూచాలి, కాలికి అల్యూమినియం కడియం తొడగాలి. కడియం మీద అంకె, దొరికితే బొంబాయి సొసైటీకి తెలుపుమన్న విన్నపం ఉంటాయి. అంతా నమోదు చేసి గాలిలోకి వదలాలి. వదిలిన పిట్టలలో మళ్లీ కనబడేవి బహు కొద్ది. కాని ఆ కొద్ది కడియాలే సముద్రాలను, దేశాల సరిహద్దులను దాటి వార్త తెచ్చాయి. పాతిక ముప్పై గ్రాముల బరువైనా ఉండని చిరు ఉల్లంకి ఆర్కిటిక్ తీరానికి, మన తీరానికి మధ్య ఏటా రాకపోకలు సాగిస్తుంది. దాని దారిలో ఏ ఒక్క మజిలీ చెడినా ప్రయాణం చెడుతుంది. ఒక దేశపు బురదనేలను కాపాడడం మరొక దేశపు పక్షిని కాపాడడమేనన్న గ్రహింపును కడియాలు నేర్పాయి.

అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఎస్. డిల్లన్ రిప్లీతో కలిసి ఆయన భారత ఉపఖండంలోని పక్షులను గూర్చి 10 సంపుటాల బృహద్గ్రంథాన్ని రచించారు. దాని మొదటి సంపుటం 1968లో, పదవది 1974లో వెలువడ్డాయి. కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని జలవిద్యుత్ పథకం ముంచివేయనున్నప్పుడు దానిని కాపాడాలని గళమెత్తినవారిలో ఆయన కూడా ఉన్నారు. 1984లో ఆ అడవి జాతీయ ఉద్యానవనమైంది.

చిన్ననాటి వేటగానిలో వచ్చిన మార్పును సరిగా అర్థం చేసుకోవాలి. శాస్త్రం కోసం పరిమితంగా నమూనాలు సేకరించడం అవసరమని ఆయన ఎన్నడూ దాచలేదు. స్వయంగా ఎన్నో సేకరించారు. ప్రయోజనం లేకుండా ప్రాణం తీయడాన్ని మాత్రం విధ్వంసంగా భావించి అసహ్యించుకొన్నారు. పక్షులపై తన ప్రేమ కేవల భావావేశం కాదని, తెలుసుకోవాలన్న తపననుండి పుట్టినదని నిజాయితీగా చెప్పుకొన్నారు.

ఆయన జీవితపు చివరి ఘట్టం తెలుగు నేలతో ముడిపడి ఉంది. కలివికోడి అనే పక్షిని 1848లో టి. సి. జెర్డాన్ శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1900లో అనంతపురం ప్రాంతంలో కనబడిన తరువాత అది ఎవరికీ చిక్కలేదు. అంతరించిందనే అందరూ భావించారు. 1986 జనవరిలో బొంబాయి సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్, కడప జిల్లా రెడ్డిపల్లి సమీపంలో, స్థానికుల సహాయంతో దానిని తిరిగి కనుగొన్నారు. పుస్తకాలలో లేనిదని వ్రాసుకొన్న పక్షి, పొదలలో తిరిగే వేటగాళ్లకు పేరుతో సహా తెలుసు. ఎనభై తొమ్మిదేళ్ల వయస్సులో సలీం అలీకి అందిన శుభవార్త అది. ఆ పక్షి ఆశ్రయం కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

భారత ప్రభుత్వం ఆయనను 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పురస్కారాలతో గౌరవించింది. 1985లో రాజ్యసభకు నామనిర్దేశం చేసింది. పట్టం లేదని ఉద్యోగం దొరకని వ్యక్తికి విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ప్రదానం చేశాయి. జె. పాల్ గెట్టీ పురస్కారంగా లభించిన పెద్దమొత్తాన్ని ఆయన తన కోసం ఉంచుకొనక ప్రకృతి సంరక్షణ నిధికి మూలధనంగా ఇచ్చివేశారు. 1987లో, తొంభై ఏళ్ల వయస్సులో బొంబాయిలో కన్నుమూశారు. 1990లో కోయంబత్తూరులో ఆయన పేరిట పక్షిశాస్త్ర కేంద్రం ఏర్పాటైంది.

నేటికీ వసంతం రాగానే తీరాన ఉల్లంకులు ఇటుకరంగు దాల్చి ఉత్తరానికి బయలుదేరుతాయి. ఇంకా ఏడాది నిండని కొన్ని పిట్టలు ప్రయాణానికి సిద్ధపడక ఇక్కడే ఆగిపోతాయి. పులికాట్ సరస్సులోనైనా, ఊరి చెరువు గట్టునైనా తెల్లవారుజామున నిశ్శబ్దంగా నిలబడితే ఎవరైనా వాటిని చూడవచ్చు. అందుకు పట్టం అక్కరలేదు, పదవి అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, కాస్త ఓర్పు, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకొనే మనసు ఉంటే చాలు. మేనమామ ఆ పిచ్చుకను చూచి తెలియదని చెప్పిన నాడే సలీం అలీ విద్యాభ్యాసం మొదలైంది. తొంభయ్యవ ఏట వరకు అది ముగియలేదు.